వత్తు

స్టేషన్ రోడ్డుల పండ్ల డాక్టరు బోర్డు చూసి
జామపండ్లున్నయా అని అడిగినోళ్లున్నరు.
లోపల చీనా డాక్టరు పన్ను పీకుతుంటే
తెర వెనక ఆమె రాస్తుండేది.
పేరు శ్యూలాన్. మా గల్లీ నోట్లె తిరగక
సులోచనమ్మ అయింది.

తెర వెనక అంటే ఒక చెక్కబల్ల, మైనపు కాగితం,
ఇనుప మొన కలం, కిరసనాయిలు దీపం.
నెలకొక్క పత్రిక. పదహారు పేజీలు. చీనాల.
రాసేది ఆమె, దిద్దేది ఆమె,
మడతపెట్టి మైదా అంటించేది ఆమె.
ముప్ఫై ఏడు ఇండ్లకు పోయేది:
కలకత్తా తోలు కార్ఖానాలకు, షిల్లాంగ్ చెప్పుల దుకాణానికి,
మద్రాసుల ఇంకో పండ్ల డాక్టరు బిడ్డకు.
వరంగల్ మొత్తంల దాన్ని చదవగలిగింది ఇద్దరే,
అందుల ఒకాయన చదివేటోడు కాదు.

ఏం రాస్తవు అని అడిగిన ఒకసారి, నాకు తొమ్మిదేండ్లు.
"మీ ఊరు," అన్నది.
మిర్చి ఘాటుకు తుమ్మే ఎద్దుల గురించి,
ఆజంజాహీ మిల్లు సైరను కూసినంక
తలల దూదితోని ఇల్లు చేరేటోళ్ల గురించి.
మేం ఎన్నడూ చదవని మా ఊరిని
కలకత్తాల ఎవరో చదివి ఉత్తరం రాసేటోళ్లు.
ఆ ఉత్తరాలను గూడ ఆమె దిద్దేది.
"ఏడ్చిన అని ఒక్కసారి రాస్తే చాలు,
రెండోసారి రాస్తే తడి ఆరిపోతది."

పక్కనే మా నాయిన అచ్చుకొట్టం. ట్రెడిల్ మిషను.
పొద్దుగూకినంక వచ్చి ప్రూఫుల దగ్గర నిలబడేది.
తెలుగు ఒక్కక్షరం చదవరాదు.
గొట్టిముక్కులోళ్ల పెండ్లి పత్రిక మీద వేలు పెట్టి
"పైన ఉన్న మాటే ఇది. ఇక్కడ పన్ను ఊడింది," అన్నది.
నాయిన అద్దాలు తుడుచుకొని చూసిండు:
అన్నదానం కాదు, అనదానం.
న కింద వత్తు లేదు.
రెండు వందల కార్డులు ఆగినయి.

"చదువొస్తె కనపడదు," అని నాకు చెప్పింది,
ప్రూఫును తలకిందులు చేసి నా చేతిల పెట్టి.
"అర్థం అడ్డమొస్తది.
కొంచెం పక్కకు జరగమను దాన్ని."

అరవై రెండు. చలికాలం. జీపు వచ్చింది.
మైనపు కాగితాలు లైటుకు పట్టి
"ఈ గీతలేంది? ఎవరికి?" అన్నడు సర్కిలు.
"ఇది మామిడికాయ తొక్కు.
ఇది చచ్చిపోయిన మా చెల్లె మీద కవిత."
తొక్కును గూడ జప్తు చేసిండ్రు.
కాజీపేట దాక పోలీసుల నడుమ కూసోని పోయిండ్రట ఇద్దరు.
ఆనక రాజస్థాన్ ఎడారి, తీగ కంచె, నంబరు.
ఆనక మాకు తెల్వదు.
బోర్డు మూడేండ్లుండె.
చెంప పట్టుకొని వచ్చినోళ్లు
తలుపు కొట్టి కొట్టి పోయేటోళ్లు.

ఒక్క కాగితం మాత్రం
మా టైపు కేసుల, వత్తుల అర అడుగున దొరికింది.
ఆమె పెట్టిందో, నాయిన దాచిండో.
ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు హనుమకొండల ఆడోళ్ల పత్రిక నడుపుత.
ఇరవై రెండేండ్లు. చందాదారులు నాలుగు వందల పైన,
చందా కట్టినోళ్లు తక్కువ.
ఏడుపులు కొట్టేస్తే అలుగుతరు కొందరు, మల్ల రాస్తరు.
ప్రతి ప్రూఫు తలకిందులు పెట్టి చూస్త.
కంప్యూటరు ముందు కూసున్న నరహరి నవ్వుతడు.

మొన్న ఆ మైనపు కాగితాన్ని లైటుకు పట్టి ఫొటో తీయించిన.
అంచులు పగిలినయి, అయినా వచ్చింది.
హైదరాబాదుల చదివేటోళ్లున్నరు, పంపుమంటరు.
పంపుత. తొందరేముంది.
తొక్కో, చెల్లెనో, మా ఊరో,
తెల్వనంత సేపు మూడూ ఉంటయి.

తలకిందులు పెట్టి చూసిన.
నాలుగో వరుసల ఒక గీత తక్కువున్నట్టుంది.
పెన్సిలు తీసిన.

మల్ల పెట్టిన.